అరవై దాటాక రొమ్ము ఆపరేషన్: ఇంట్లో కోలుకునే దారి

మా వంటగది తలుపు పక్కన గోడ మీద పెన్సిల్ గీతలు ఉన్నాయి. వచ్చినవారంతా మనవడి ఎత్తు కొలిచామనుకుంటారు. అవి నా ఎడమ చేతి వేళ్లు గోడ మీద ఏ రోజు ఎంతవరకు పాకాయో చెప్పే గుర్తులు. అరవై ఏడో ఏట క్యాన్సర్ వల్ల నాకు ఎడమ రొమ్మూ, ఆ వైపు చంకలోని లింఫ్ గ్రంథులూ (ఒంట్లో ఊరే నీటిని వడపోసే చిన్న గ్రంథులు) తీసేశారు. మొదటి గీత నా గడ్డం ఎత్తులో ఉంది.

గాయం మానడం ఇందులో సులువైన భాగం. పొట్ట కోసినప్పటిలా ఇక్కడ పేగుల జోలికి వెళ్లరు కాబట్టి చాలామంది రెండు మూడు రోజుల్లో నడుచుకుంటూ ఇంటికి వచ్చేస్తారు. మా వయసువారిని దెబ్బతీసేది ఆ తర్వాత ఇంట్లో వినిపించే మాట: "నువ్వు కదలకు, మేమున్నాం కదా." ప్రేమతో అన్నదే. ఆ మాట విని నెల రోజులు మంచానికి అతుక్కుపోతే భుజం బిగుసుకుంటుంది, కాళ్లలో సత్తువ పోతుంది, ఆకలి చస్తుంది. ఈ వయసులో కండ పోవడానికి వారం చాలు, తెచ్చుకోవడానికి నెలలు కావాలి. అందుకే ఇక్కడ రాసినదంతా ఎంత విశ్రాంతి తీసుకోవాలి, ఎక్కడ ఆపాలి అనే లెక్క చుట్టూనే తిరుగుతుంది. రొమ్మును మళ్లీ నిర్మించే ఆపరేషన్ కూడా చేయించుకున్నవారికి నియమాలు వేరుగా ఉంటాయి. మీ సర్జన్ ఇంకోలా చెబితే ఆ మాటే వినండి.

ఆపరేషన్‌కు ముందు వారం

ఇంటిని అప్పుడే సర్దుకోవాలి. కందిపప్పు, కాఫీ పొడి, ఉప్పు, కారం, మందుల పెట్టె లాంటి రోజువారీ వస్తువులన్నీ నడుముకూ ఛాతీకీ మధ్య ఎత్తులోకి దించండి. బియ్యం పెద్ద డబ్బాలోంచి చిన్న డబ్బాలోకి మార్చండి. అటక మీదివి, మంచం కిందవి రెండు నెలలపాటు ఇంకొకరి పని. స్నానాల గదిలో ఒక ప్లాస్టిక్ స్టూలు, జారని పట్టా, గోడకు పట్టుకునే కడ్డీ ఉండాలి. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే పైన వేసుకునే కుర్చీ తెచ్చుకోండి, ఎందుకంటే లేచేటప్పుడు తెలియకుండానే చేతుల మీద బరువు వేస్తాం.

ముందు గుండీలున్న వదులు నైటీలు మూడు, లేదా ఇంట్లో మగవారి పాత నూలు చొక్కాలు సిద్ధం చేసుకోండి. తల మీదుగా వేసుకునేవి కొన్నాళ్లు పక్కన పెట్టాలి. గాజులు, ఉంగరాలు ఆ చేతి నుంచి ముందే తీసేయండి. ఆపరేషన్ బల్ల దగ్గర మట్టిగాజులు పగలగొట్టాల్సి వస్తే మనసు చివుక్కుమంటుంది. ఇంట్లో సబ్బు నీళ్లతో జాగ్రత్తగా జార్చుకుంటే ఆ బాధ ఉండదు.

వాడుతున్న మందులన్నీ ఒక కాగితం మీద రాసి మత్తు డాక్టరుకు చూపించండి. రక్తం పలచబరిచే మాత్రలు, షుగరు, బీపీ, థైరాయిడ్ మందులతో పాటు మోకాళ్ల నొప్పులకు తెప్పించుకున్న ఆయుర్వేద గుళికలు కూడా రాయాలి. ఏది ఎప్పుడు ఆపాలో వారు చెబుతారు, సొంతంగా ఏదీ ఆపవద్దు.

ఇంకో పని చాలామంది చేయరు, తర్వాత బాధపడతారు. దర్జీ టేపుతో రెండు చేతులనూ కొలిచి రాసుకోండి: మణికట్టు దగ్గర ఒకటి, మోచేతికి పది సెంటీమీటర్లు కింద ఒకటి, పది సెంటీమీటర్లు పైన ఒకటి. రేపు చేయి వాచిందా లేదా అనే అనుమానం వస్తే ఈ అంకెలే సాక్ష్యం. అలాగే గోడ పక్కన నిలబడి ఆ చేయి ఎంత ఎత్తుకు అందుతుందో గీత పెట్టుకోండి. షుగరు ఉన్నవారిలో భుజం ముందే కొంత బిగుసుకుని ఉండవచ్చు. ఆ సంగతి ఫిజియోథెరపిస్టుకు ముందే తెలియాలి.

డబ్బు సంగతి కూడా ఈ వారమే తేల్చుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్స ఉంది. ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను అడగండి. 70 దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ కార్డు ఇవ్వడం 2024 అక్టోబరు చివర్లో మొదలైంది. ఆ కార్డు మీ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో కూడా అక్కడే కనుక్కోండి.

ఆసుపత్రిలో ఆ రెండు మూడు రోజులు

మత్తు దిగిన రాత్రి కొందరు పెద్దవారు తికమకగా మాట్లాడతారు. ఎక్కడున్నారో తెలియదు, చనిపోయిన అక్కను పిలుస్తారు. మతి పోయిందని ఇంటివారు హడలిపోనక్కరలేదు. నర్సుకు చెప్పండి, కారణం ఏమిటో వారు చూస్తారు. చాలామందిలో ఇది కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. కళ్లజోడు, వినికిడి యంత్రం ఉంటే వెంటనే పెట్టడం, కనబడేచోట గడియారం ఉంచడం, తెలిసిన మనిషి ఒకరు పక్కన కూర్చోవడం బాగా పనిచేస్తాయి.

మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇస్తారు. దాన్ని కిటికీలో పెట్టి మరిచిపోవద్దు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి, పదిసార్లు గాలి లోపలికి పీల్చి బంతులు పైకి లేపాలి. ఊపిరితిత్తుల అడుగున కఫం పేరుకుని న్యుమోనియా రాకుండా ఉండటానికి అది. డాక్టరు సరేనంటే అదే సాయంత్రం, లేదంటే మర్నాటి ఉదయం వరండాలో నడవండి. మంచం దిగేటప్పుడు ఆపరేషన్ కాని వైపుకు ఒత్తిగిలి, ఆ మోచేతి ఆసరాతో లేవాలి.

ఇంటికి పంపేముందు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: చంకలో ఒకటి రెండు గ్రంథులే తీశారా, మొత్తం తీశారా? చేతి వాపు ముప్పు ఎంత అనేది ఎక్కువగా దీని మీదే ఆధారపడుతుంది.

డ్రెయిన్‌తో కాపురం

గాయం పక్క నుంచి ఒకటో రెండో సన్నని గొట్టాలు బయటికి వచ్చి, నొక్కితే ముడుచుకునే ప్లాస్టిక్ డబ్బాలోకి దిగుతాయి. చర్మం కింద ఊరే నీరు అందులోకి చేరుతుంది. చూడటానికి భయంగా ఉంటుందిగానీ, మూడో రోజుకు అది ఇంట్లో ఒక చంటిపిల్లలా అయిపోతుంది: వేళకు చూడాలి, లెక్క రాయాలి, ఎక్కడికెళ్లినా వెంట తీసుకెళ్లాలి.

1. రోజూ ఒకే వేళకు, ఉదయం ఏడుకనుకోండి, చేతులు సబ్బుతో కడుక్కుని నర్సు చూపిన పద్ధతిలో ఖాళీ చేయండి. ముందు గొట్టం బిగించి, మూత తీసి, కొలగ్లాసులో పోయండి.
2. ఎన్ని మిల్లీలీటర్లో, రంగు ఏమిటో నోట్‌బుక్‌లో రాయండి. రెండు డ్రెయిన్లుంటే విడివిడిగా రాయాలి. రంగు ఎరుపు నుంచి గులాబీకి, అక్కడినుంచి పల్చని పసుపుకు మారుతుంది.
3. డబ్బాను పూర్తిగా నొక్కి, నొక్కిన స్థితిలోనే మూత పెట్టి, గొట్టం బిగింపు వదలండి. లోపల గాలి ఉంటే అది నీటిని లాగదు.
4. డబ్బాను వేలాడనివ్వకండి. మా కోడలు పాత లంగా గుడ్డతో జోలెలాంటి చిన్న సంచి కుట్టి మెడలో వేసింది. అంతకంటే మంచి ఏర్పాటు నేను చూడలేదు.

రోజుకు 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ, వరుసగా రెండు రోజులు వస్తే తీసేయడం చాలాచోట్ల పద్ధతి. ఒకటి నుంచి రెండు వారాలు పట్టవచ్చు, కొందరికి మూడు. తీసేటప్పుడు ఒక్క క్షణం లోపల పాము జారినట్టు ఉంటుంది, అంతే. తీశాక గాయం కింద నీరు చేరి మెత్తగా ఉబ్బితే కంగారు పడవద్దు. అది మామూలే. ఎక్కువైతే డాక్టరు సూదితో తీస్తారు. మీరు నొక్కడం, పిండటం మాత్రం చేయవద్దు.

గాయం, స్నానం, నిద్ర

కట్టు తడవకుండా నడుము నుంచి కిందికి చెంబుతో స్నానం, పైభాగం తడిగుడ్డతో తుడుచుకోవడం. తలస్నానం ఇంకొకరు చేయించాలి. డాక్టరు సరేనన్నాక గాయం మీద నీళ్లు పడనివ్వవచ్చు, రుద్దకూడదు. పసుపు, కొబ్బరినూనె, విభూతి, తెలిసినవారు తెచ్చిన ఆకు పసరు గాయం మీద పెట్టవద్దు. మంగళసూత్రం, గొలుసులు కుట్ల మీద ఒరుసుకుంటుంటే నూలు దారంలోకి మార్చి పొట్టిగా కట్టుకోండి.

వెల్లకిలా, తల కొంచెం ఎత్తుగా, ఆపరేషన్ అయిన చేయి కింద మెత్తని దిండు పెట్టుకుని పడుకోండి. గాయం వైపు ఒత్తిగిలడం కొన్ని వారాలు కుదరదు.

ఇవి కనిపిస్తే మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోను చేయాలి: 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, గాయం చుట్టూ పాకుతున్న ఎరుపు, చీము, దుర్వాసన, డ్రెయిన్‌లో ఒక్కసారిగా ఎర్రటి రక్తం పెరగడం, ఛాతీ గట్టిగా ఉబ్బడం. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఫోను కూడా వద్దు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. రక్తం గడ్డ కట్టి ఊపిరితిత్తులకు చేరిందేమో చూడాలి.

నొప్పి మాత్రలు

మన తరానికి నొప్పి ఓర్చుకోవడం గొప్ప. ఇక్కడ అది నష్టం. నొప్పి ఉన్న చేయి కదలదు, కదలని భుజం బిగుస్తుంది. రాసిచ్చిన పారాసిటమాల్‌ను వేళ ప్రకారం వేసుకోండి. ఒళ్లునొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఇతర మాత్రలు కిడ్నీకి, బీపీకి చేటు చేయవచ్చు, అడగకుండా వద్దు. ట్రమడాల్ లాంటి బలమైన మాత్ర ఇస్తే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. తల తిరుగుతుంది, కాబట్టి రాత్రి మరుగుదొడ్డికి వెళ్లేటప్పుడు దీపం వేసి, మంచం అంచున నిమిషం కూర్చుని లేవాలి. మలబద్ధకం వస్తుంది, కాబట్టి మొదటి రోజు నుంచే నీళ్లు, ఆకుకూరలు, జామపండు, అవసరమైతే డాక్టరు చెప్పిన మందు. ముక్కడం వల్ల ఛాతీ ఎంత లాగుతుందో ఒకసారి అనుభవించినవాళ్లు ఈ సలహా మరవరు.

పథ్యం అనే పెద్ద తగాదా

కోత పడ్డ మనిషికి పప్పు పెడితే చీము పడుతుందని మా ఆడపడుచు గట్టిగా నమ్ముతుంది. పెరుగు చలవ, గుడ్డు వేడి, వంకాయ దురద. ఇవన్నీ తీసేస్తే మిగిలేది కారప్పొడి అన్నం. గాయం పూడటానికి కావలసిన మాంసకృత్తులు దానిలో ఎక్కడున్నాయి? చీము పట్టించేది సూక్ష్మక్రిములు. పప్పుకూ దానికీ సంబంధం లేదు.

కోలుకుంటున్న పెద్దవారికి కిలో బరువుకు సుమారు 1.2 గ్రాముల మాంసకృత్తులు అవసరం. అరవై కిలోల మనిషికి రోజుకు 70 గ్రాములకు పైనే. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు, కప్పు గట్టి పప్పులో ఏడెనిమిది. చేపగానీ కోడిగానీ తింటే వంద గ్రాముల ముక్కల్లో ఇరవై దాకా వస్తాయి. శాకాహారులు ప్రతి పూటా పప్పు, పెరుగు, మధ్యలో పనీరో వేయించిన శనగలో ఉడికించిన పెసలో తింటే తప్ప ఆ లెక్క తేలదు. కిడ్నీ జబ్బున్నవారు ముందు డాక్టరును అడగాలి. షుగరు ఉన్నవారు కొబ్బరినీళ్లు, హార్లిక్స్ పేరుతో వచ్చిపోయే పరామర్శల మీద ఓ కన్నేయాలి. చక్కెర అదుపు తప్పితే గాయం మానదు.

చేయి తిరిగి తెచ్చుకోవడం

అన్నింటికంటే ముఖ్యమైనది ఇది. 1882లో అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ మొదలుపెట్టిన పద్ధతిలో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు కూడా తీసేసేవారు. దశాబ్దాల పాటు లోకమంతా అదే నడిచింది. అమ్మమ్మల కాలం నుంచి వినిపించే "ఆ చేయి ఇక పనికిరాదు" అనే మాట ఆనాటిది. ఇప్పుడు కండరాలను దాదాపు ఎప్పుడూ ఉంచుతారు. చేయి తిరిగి వస్తుంది, మనం వదిలేస్తే తప్ప.

మొదటి రోజు నుంచి డ్రెయిన్ తీసేదాకా: పిడికిలి మూసి తెరవడం, మణికట్టు తిప్పడం, మోచేయి మడిచి చాపడం, భుజాలను చెవుల వైపు ఎత్తి దించడం. పదేసి సార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. ఈ దశలో మోచేయి భుజం ఎత్తు దాటకూడదు. మోచేయి బల్ల మీద ఆనించి ఆ చేత్తోనే తల దువ్వుకోండి. జడ అల్లలేకపోయినా చిక్కు తీయగలిగితే ఆ రోజుకు చాలు. చేతిని పొట్టకు అదుముకుని, గాయాన్ని కాపాడుకున్నట్టు ముందుకు వంగి నడిచే అలవాటు వెంటనే వచ్చేస్తుంది. అద్దం ముందు వెళ్లినప్పుడల్లా భుజాలు సరిచేసుకోవాలి.

డ్రెయిన్ తీశాక, సర్జన్ అనుమతితో మొదలుపెట్టేవి:

1. నమస్కారం. వెల్లకిలా పడుకుని రెండు చేతులూ జోడించి, బాగున్న చేయి రెండోదాన్ని మోస్తున్నట్టుగా నెమ్మదిగా తల మీదికి తీసుకెళ్లండి. గోపురం కనబడగానే చేతులెత్తి మొక్కుతాం కదా, అదే, పడుకుని.
2. గోడ పాకడం. గోడకు ఎదురుగా జానెడు దూరంలో నిలబడి, వేళ్లను చీమ నడిచినట్టు పైకి నడిపించండి. లాగడం మొదలైన చోట ఆగి, ఐదు లెక్కపెట్టి, అలాగే నడిపిస్తూ దించండి. గీత పెట్టి తేదీ వేయండి. వారం తర్వాత పక్కకు తిరిగి కూడా చేయండి.
3. తువ్వాలు. వీపు రుద్దుకుంటున్నట్టు రెండు చేతులతో వెనక పట్టుకుని, బాగున్న చేత్తో పైకి లాగాలి. జాకెట్టు తొడుక్కోవడానికి కావలసిన కదలిక ఇదే.

లాగినట్టు ఉండాలి, పొడిచినట్టు ఉండకూడదు. వ్యాయామానికి అరగంట ముందు నొప్పి మాత్ర పడేలా వేళ కుదుర్చుకుంటే సులువు. ఒక రోజు నిన్నటి గీత అందకపోవచ్చు. నాకు పదకొండో రోజున నాలుగు వేళ్ల మందం కిందికి జారింది, రెండు రోజుల్లో మళ్లీ వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పాత కదలిక చాలావరకు రావాలి. రాకపోతే సిగ్గుపడకుండా ఫిజియోథెరపీకి వెళ్లండి. రేడియేషన్ అవసరమైతే ఈ కదలిక ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆ బల్ల మీద చేయి తల మీదికెత్తి కదలకుండా పడుకోవాలి.

కొన్ని వారాల తర్వాత చంక నుంచి మోచేతి వైపు చర్మం కింద వీణ తీగలా ఒకటి బిగుసుకుని కనిపించవచ్చు. నరం తెగిందనుకుని చాలామంది చేయి కదపడం మానేస్తారు. చేయాల్సింది అందుకు విరుద్ధం. నెమ్మదిగా చాచే వ్యాయామాలతో అది కొన్ని వారాల్లో, నెలల్లో పోతుంది.

పైచేతి లోపలి వైపు మొద్దుబారడం కూడా మామూలే, చంకలోంచి వెళ్లే ఒక నరం దెబ్బతినడం వల్ల. కొందరికి అది శాశ్వతం. ఇక్కడ పెద్దవారికి ఒక హెచ్చరిక: ఆ చోట వేడినీళ్ల సంచితో కాపడం పెట్టవద్దు. చర్మం కాలుతున్నా తెలియదు. లేని రొమ్ములో దురద పుట్టినట్టు అనిపించడం కూడా భ్రమ కాదు, మెదడుకు ఆ పాత లెక్క ఇంకా మరపు రాలేదు.

బరువుల సంగతి: ఆరు వారాలు ఆ చేత్తో కిలో, కిలోన్నర మించి ఎత్తకండి. నిండు బిందె, బకెట్, ఐదు లీటర్ల కుక్కర్, మనవడు అన్నీ దీనికి పైనే. మనవణ్ణి కూర్చుని ఒళ్లో వేయించుకోండి. నడక మాత్రం మొదటి వారం నుంచే రోజూ, పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి.

చేతి వాపు

చంక గ్రంథులన్నీ తీసినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు చేయి వాస్తుంది. నెలల తర్వాత రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. నెలకోసారి టేపుతో కొలవండి. రెండో చేతితో పోల్చితే పాత తేడాకు మించి రెండు సెంటీమీటర్లు పెరిగినా, ఉంగరం బిగిసినా, చేయి బరువనిపించినా డాక్టరుకు చూపించాలి. తొలిదశలో బిగుతు తొడుగు, మసాజ్, వ్యాయామంతో అదుపులో ఉంటుంది. వదిలేస్తే గట్టిపడుతుంది.

బీపీ చూడటానికి, రక్తం తీయడానికి వీలైనంతవరకు రెండో చేయి ఇవ్వండి. తప్పనిసరై ఒకసారి ఈ చేతికి గుచ్చినా కొంప మునగదు. అసలు ముప్పు ఇంట్లో ఉంది: కత్తిపీట కోత, నూనె చిందు, గులాబీ ముల్లు, దోమకాటు గోకడం. చిన్న గాయమైనా కడిగి మందు రాయండి. చేయి ఎర్రగా వేడెక్కి జ్వరం వస్తే అదే రోజు యాంటీబయాటిక్ పడాలి.

రిపోర్టు వచ్చాక

తీసిన గడ్డ పరీక్ష ఫలితం కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లోపు వస్తుంది. అందులో హార్మోను గ్రాహకాలు, హర్ టూ (HER2) అనే మాటలుంటాయి; ఆ క్యాన్సర్ దేని ఊతంతో పెరుగుతుందో అవి చెబుతాయి. పెద్ద వయసులో వచ్చే రొమ్ము క్యాన్సర్లు ఎక్కువగా హార్మోను మీద పెరిగే రకం కాబట్టి, చాలామందికి లెట్రోజోల్ లాంటి మాత్ర రోజూ ఒకటి, కనీసం ఐదేళ్లు ఇస్తారు. కీళ్లు పట్టేస్తాయి, ఎముకలు పలచబడతాయి. ఎముక సాంద్రత పరీక్ష, కాల్షియం, విటమిన్ డి గురించి మీరే అడగండి. నొప్పులున్నాయని చెప్పకుండా మాత్ర మానేయడం కన్నా చెప్పి ఇంకో మాత్రకు మారడం మేలు. రెండో రొమ్ముకు ఏడాదికోసారి మామోగ్రామ్ ఉంటుంది.

కీమో, రేడియేషన్ చెబితే "ఈ వయసులో ఎందుకులెండి" అని ఇంట్లోవారు మీ తరఫున తీర్మానించేయనివ్వకండి. డాక్టరు ముందు మీరే కూర్చుని, దీనివల్ల నాకెంత మేలు, ఎంత బాధ అని అడగండి. వద్దనుకుంటే అదీ మీరే చెప్పండి.

అద్దం, జాకెట్టు

గాయాన్ని మొదటిసారి నిలబడి ఒంటరిగా చూడవద్దు. కట్టు మార్చేటప్పుడు, కూర్చుని, నర్సు పక్కనుండగా చూడండి. నాకు కళ్లు తిరిగాయి. చూసిందానికంటే, చూడబోతున్నానన్న భయానికే అనుకుంటాను. మా బంధువు ఒకావిడ "ఈ వయసులో అదుంటే ఎంత, లేకపోతే ఎంత" అంది. ఆవిడకు పన్ను ఊడితే మూడు నెలలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తిరిగింది. బాధ వయసు చూసి రాదు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, మాట మీద మనసు లేకపోతే డాక్టరుకు చెప్పండి, దానికీ మందుంది.

గాయం లేతగా ఉన్నన్నాళ్లు దూది నింపిన మెత్తని నూలు రొమ్ము వాడవచ్చు. సిలికాన్ది ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, గాయం పూర్తిగా మానాక. దానికి బరువు ఉంటుంది, కాబట్టి భారీ రొమ్ములున్నవారికి ఒక వైపుకు ఒరిగిపోయే నడక సరవుతుంది, మెడనొప్పి తగ్గుతుంది. లోదుస్తులో లోపల ఒక సంచి కుట్టించుకుంటే జారదు. ఇవేవీ వద్దనుకుని పమిట సర్దుకుని తిరిగేవారూ ఉన్నారు, అందులో తప్పేమీ లేదు.

మూడో నెలలో నేను కొత్త జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్లాను. దర్జీ అమ్మాయి టేపు పెట్టి, ఒక్క క్షణం ఆగి, నా ముఖంలోకి చూసింది. చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. పుస్తకంలో కుడి, ఎడమ అని రెండు గడులు గీసి విడివిడిగా కొలతలు రాసుకుంది. ఎడమ చేతికి అర అంగుళం వదులు పెట్టమన్నాను, చంక కుట్టు లోపల వైపు ఒరుసుకోకుండా మెత్తని గుడ్డ వేయమన్నాను. కొలతకు చేయి ఎత్తమంది. ఎత్తాను.